ఎన్సెలాడస్ ఊపిరి

రాళ్లు. ఆ పొదరింట్లోకి అడుగుపెట్టిన వాళ్లకు ముందుగా కనబడేవి రాళ్లే. గుండ్రటి కొలను నడుమ కొండచరియ విరిగిపడ్డట్టు బండలు గుట్టగా పడి ఉంటాయి. కాసేపు చూస్తే ఆ గుట్టలోంచి ఒక చెయ్యి బయటపడుతుంది. మామూలు మనిషి చేతికి ఎన్నో రెట్లు పెద్దది, బండను పట్టుకుని వేళ్లు బిగించింది. తర్వాత భుజం, చెదిరిన జుట్టు, గడ్డం, నొప్పితో పైకెత్తిన ముఖం. ఒంటికి బంగారు పూత. నడుము కిందిదంతా రాళ్ల అడుగునే ఉండిపోయింది. నోరు మాత్రం తెరుచుకుని ఉంది. నీళ్లు వదిలిన వేళ ఆ నోట్లోంచి ఒక్కటే ధార 25 మీటర్ల ఎత్తుకు, అంటే ఎనిమిది అంతస్తుల మేడంత ఎత్తుకు, ఎగజిమ్ముతుంది.

పారిస్ పక్కనున్న వెర్సాయ్ రాజోద్యానంలోని ఎన్సెలాడస్ ఫౌంటెన్ ఇది. గాస్పార్ మార్సీ అనే శిల్పి 1675-77 మధ్య సీసంతో పోతపోశాడు. గ్రీకు కథలో ఎన్సెలాడస్ దేవతల మీద తిరగబడ్డ రాక్షసుల్లో ఒకడు. పారిపోతున్న వాడి మీద ఎథీనా దేవి ఏకంగా సిసిలీ ద్వీపాన్నే విసిరేసిందట. ఎట్నా అగ్నిపర్వతం కింద వాడు ఇంకా బతికే ఉన్నాడనీ, కొండ నిప్పులు కక్కితే అది వాడి ఊపిరేననీ, భూమి కంపిస్తే వాడు పక్కకు ఒత్తిగిల్లాడనీ ఆ దీవి జనం చెప్పుకున్నారు. బలిని పాతాళానికి తొక్కిన కథ విన్న మనకు ఇందులో సగం తెలిసినట్టే ఉంటుంది. తేడా ఏమిటంటే మన బలికి ఓనం నాడైనా తిరిగి రావడానికి అనుమతి ఉంది. ఎన్సెలాడస్‌కు ఊపిరి తప్ప మరేదీ మిగల్లేదు.

ఇదే పేరుతో ఆకాశంలో మరొకడున్నాడు. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చిన్న చందమామ. అడ్డుకొలత 504 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి తిన్నగా గీత గీస్తే ఎంత పొడవుంటుందో దాదాపు అంతే. పైనంతా మంచు గడ్డ. 2005లో ఒక వ్యోమనౌక దగ్గరికెళ్లి చూస్తే ఆ మంచు పగుళ్లలోంచి నీళ్లు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతున్నాయి.

ఆ పేరు పెట్టినవాడికి ఈ సంగతి తెలియదు. ఫౌంటెన్ కట్టినవాడికి ఆ చందమామ ఉన్నట్టే తెలియదు. కాబట్టి ఇది కాకతాళీయమే, అందులో సందేహం లేదు. కానీ తోటకూ ఆకాశానికీ మధ్య నడిచిన దారి మాత్రం కాకతాళీయం కాదు. ఒకే రాజు, ఒకే ఖజానా, కొన్నిచోట్ల అవే మనుషులు. ఆ దారి వెంట నడిచి చూడటం వృథా పోదు.

పద్నాలుగో లూయీ సూర్యుణ్ణి తన గుర్తుగా ఎంచుకున్నాడు. 1662లో పారిస్‌లో జరిగిన పెద్ద అశ్వవిన్యాస ఉత్సవంలో ఆ చిహ్నంతోనే జనం ముందుకొచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. అంతకు ముందటి ఏడాది ఆగస్టు 17న ఆర్థికమంత్రి ఫూకే తన కొత్త భవనంలో రాజుకు విందు ఇచ్చాడు. ఆ భవనమూ తోటా రాజు కళ్లలో పడ్డాయి. మూడు వారాలు తిరక్కుండానే ఫూకే చెరసాలకు వెళ్లాడు. అతని తోటమాలి ఆంద్రే లె నోత్ర్, చిత్రకారుడు షార్ల్ లె బ్రున్ రాజు కొలువుకు వచ్చారు. రాజు తండ్రి వేటకోసం కట్టించుకున్న చిన్న భవనం చుట్టూ చిత్తడి నేలలో వెర్సాయ్ తోట మొదలైంది.

తోటకు తూర్పు పడమరలుగా ఒక నిడుపాటి గీత వెన్నెముక. భవనం మెట్లమీద నిలబడి చూస్తే ఆ గీత మీద మొదట లటోనా కొలను, దాని తర్వాత పచ్చిక బాట, చివర అపోలో కొలను, ఆ వెనక కనుచూపు మేర నీటి కాలువ. అపోలో సూర్యదేవుడు. జాన్-బాప్తిస్త్ ట్యూబీ అతన్ని రథంతో సహా సీసంలో పోసి బంగారు పూత పూశాడు. 1671 నాటికి ఆ రథం నీళ్లలోంచి లేచి నిలబడింది. అరసవల్లి స్వామి రథానికి ఏడు గుర్రాలు, ఇతనికి నాలుగే. ఆ నాలుగూ రొమ్ము దాకా నీళ్లలో ఉండి, ముట్టెలు పైకెత్తి, నీటిని చీల్చుకుంటూ వస్తాయి. చుట్టూ జలదేవతలు శంఖాలూది తెల్లవారిందని చాటుతుంటారు. చూసేవాళ్లు తరచూ గమనించే చిత్రం ఒకటుంది. ఈ సూర్యుడు పడమటి కొసన ఉదయించి తూర్పున ఉన్న భవనం వైపు వస్తాడు. అసలు సూర్యుడు అతని వీపు వెనక అస్తమిస్తాడు. శిల్పులకు దిక్కులు తెలియక కాదు. ఆ తోటలో ప్రతి బొమ్మా ముందు రాజు కిటికీకి కనబడాలి, తర్వాతే ఆకాశానికి.

లటోనా కథ మరింత కసి ఉన్న కథ. ఆమె అపోలోకూ డయానాకూ తల్లి. పసిపిల్లలను ఎత్తుకుని దాహంతో లిసియా దేశంలో ఒక చెరువు దగ్గరికి వస్తే అక్కడి పల్లె జనం నీళ్లు తాగనివ్వలేదు. చెరువులోకి దూకి కాళ్లతో బురద కలిపారు. ఆమె ఆక్రోశంతో వాళ్లంతా కప్పలైపోయారు. మార్సీ సోదరులు 1668-70లో చెక్కింది సరిగ్గా ఆ మారే క్షణాన్ని. తల్లీ పిల్లలూ పాలరాతిలో ఎత్తున ఉంటారు. కింద నీటి అంచున ఒకడికి మనిషి ఒళ్లు అలాగే ఉండి తల కప్పది అయిపోయింది. ఇంకొకడి నోరు చెవుల దాకా సాగింది, చేతివేళ్లు విచ్చుకుంటున్నాయి, వాడి ముఖంలో భయం ఇంకా మనిషిదే. ఆ నోళ్లన్నిటిలోంచీ నీళ్లు లటోనా వైపు ఎగురుతాయి. నీళ్లివ్వని నోళ్లు ఇప్పుడు నీళ్లే కక్కుతున్నాయి. మొదట లటోనా భవనం వైపు చూస్తూ ఉండేది. 1687-89లో వాస్తుశిల్పి మన్సార్ట్ ఆమె కింద పాలరాతి అంతస్తులు కట్టి, ముఖాన్ని కాలువ వైపు, కొడుకు రథం వైపు తిప్పాడు.

రాజు బాల్యాన్ని గుర్తుచేసుకుంటే ఈ కథ ఎందుకు ఎంచారో ఊహించుకోవచ్చు. 1649 జనవరిలో, ప్రభువర్గాల తిరుగుబాటు రోజుల్లో, పదేళ్ల లూయీని అతని తల్లి రాత్రికి రాత్రి పారిస్ దాటించింది. ఇద్దరు పిల్లలతో పరుగుతీసిన తల్లి, ఆమెను అవమానించిన జనం. చాలామంది ఈ ఫౌంటెన్‌ను అలాగే చదివారు. అందరు చరిత్రకారులూ ఒప్పుకోలేదు. ఎన్సెలాడస్ విషయంలో మాత్రం వాదించడానికి అంతగా ఏమీ లేదనిపిస్తుంది. తిరగబడ్డవాడి గతి ఏమిటో రాళ్ల కింద అందరికీ కనబడేలా ఉంది. అయినా మార్సీ ఆ ముఖాన్ని చెక్కిన తీరు చూస్తే అతని మనసు రాజాజ్ఞ దగ్గరే ఆగినట్టు లేదు. తోట మొత్తంలో నిజంగా బాధపడుతున్న ముఖం అదొక్కటే.

నాలుగు దారులు కలిసే చోట్ల నాలుగు రుతువుల కొలనులున్నాయి. వసంతానికి ఫ్లోరా, వేసవికి ధాన్యదేవత సీరిస్, ద్రాక్షలు పండే కాలానికి బాకస్, చలికాలానికి శాటర్న్. చివరివాణ్ణి ఫ్రాన్స్వా జిరార్దోన్ చెక్కాడు. రెక్కలున్న ముసలివాడు, చుట్టూ గవ్వలు, ఆడుకునే పసివాళ్లు. శాటర్న్ అంటే మన శని. రెండు సంస్కృతులూ ఈ గ్రహాన్ని మెల్లగా నడిచే పెద్దవాడిగా చూశాయి. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. మెల్లగా నడిచేవాడన్న అర్థంలోనే శనైశ్చరుడన్న మాట పుట్టింది. అక్కడా కాలపురుషుడికీ శాటర్న్‌కూ ముఖం ఒకటే అయింది. పంట చేలకు దేవుడైన వాడు చలికాలానికీ ముసలితనానికీ గుర్తుగా మారడం వెనక ఆ నడకే ఉంది.

ఇదంతా తోటలో సాగుతుండగానే పారిస్ దక్షిణపు అంచున మరో కట్టడం లేస్తోంది. 1667 జూన్ 21న, పగలు అన్నిటికన్నా పొడవుండే రోజున, విజ్ఞాన అకాడమీ పండితులు ఖాళీ నేల మీద ఉత్తర దక్షిణాల గీత గీశారు. ఆ గీత మీదే పారిస్ అబ్జర్వేటరీ కట్టారు. నమూనా గీసింది క్లాడ్ పెర్రో. ఆయన తమ్ముడు షార్ల్ పెర్రో సిండ్రెల్లా కథ రాసినాయన. వెర్సాయ్‌లో అప్పటికే ఈ అన్నదమ్ముల చెయ్యి ఉంది. భవనం పక్కన టెథిస్ గుహ అనే చిన్న మందిరం ఉండేది. పగలంతా లోకాన్ని చుట్టి అలసిన అపోలో సాయంత్రం సముద్రగర్భంలో సేదదీరుతాడన్నది దాని ఊహ. ఆ ఊహ తనదేననీ, బొమ్మ గీసింది అన్న క్లాడ్ అనీ షార్ల్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. గోడలంతా గవ్వలు. ద్వారాల ఇనుప జాలీ మీద బంగారు సూర్యకిరణాలు. లోపల జిరార్దోన్, రెనోదాన్ చెక్కిన పాలరాతి అపోలో కూర్చుని ఉంటే జలకన్యలు అతని కాళ్లు కడుగుతుంటారు. ఒక పెర్రో రాజుకోసం సూర్యుడి విశ్రాంతి గదిని గీసి, నక్షత్రాలను చూసే మేడను కూడా గీశాడన్నమాట.

ఆ మేడకు మనిషి కావాలి. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఉన్న జొవానీ దొమెనికో కాసినీని రాజు పిలిపించాడు. 1669లో వచ్చిన కాసినీ అక్కడే స్థిరపడ్డాడు. నాలుగేళ్లకు ఫ్రెంచ్ పౌరుడయ్యాడు. 1671లో శనికి ఒక ఉపగ్రహాన్ని కనిపెట్టాడు, మరుసటి ఏడాది ఇంకొకటి. మొదటిది ఆయన్ను చాలాకాలం తికమకపెట్టింది. శనికి ఒక పక్కన ఉన్నప్పుడు కనిపిస్తుంది, మరో పక్కకు వెళ్తే మాయమవుతుంది. దాని ముఖంలో సగం తెల్లగా సగం నల్లగా ఉండి, ఎప్పుడూ ఒకే ముఖం శని వైపు పెట్టి తిరుగుతూ ఉండాలని ఆయన తేల్చాడు. మూడు శతాబ్దాల తర్వాత దగ్గరగా తీసిన ఫోటోలు ఆ మాట అక్షరాలా నిజమని చూపించాయి. 1684 మార్చిలో ఒకేసారి మరో రెండు దొరికాయి. గెలీలియో 1610లో బృహస్పతి చందమామలకు ఫ్లారెన్స్ ప్రభువుల ఇంటిపేరు పెట్టినట్టే, కాసినీ తన నాలుగింటికీ కలిపి లూయీ నక్షత్రాలు అని లాటిన్‌లో పేరు పెట్టాడు. రాజు పేరిట దాని జ్ఞాపకంగా ఒక పతకమూ వేశారు.

తోటలో బొమ్మలు నిలబడ్డాయి, పేర్లు పెట్టారు, కానీ నీళ్లేవి? వెర్సాయ్ గుట్ట మీదుంది, దగ్గర్లో నది లేదు. దాదాపు 1,400 ధారలు ఒకేసారి ఎగరాలంటే అక్కడి చెరువులు చాలవు. రాజు నడుస్తుంటే ముందు పరుగెత్తే కుర్రాళ్లు ఈల వేసేవారు. ఆ ఈల విని నీటి కాపలాదారు రాజు ముందున్న ఫౌంటెన్ తిప్పేవాడు, ఆయన దాటిపోగానే కట్టేసేవాడు. ఎన్సెలాడస్ అరుపు కూడా అలా రాజు అడుగుల లెక్కలోనే మొదలై ఆగేది.

ఇక్కడే జ్యోతిశ్శాస్త్రజ్ఞులు తోటలోకి వచ్చారు. 1674లో దక్షిణ కాలువ తవ్వించిన రికే, లువార్ నది నీటిని వెర్సాయ్‌కు పారిస్తానన్నాడు. అది సాధ్యమా అని తేల్చే పని పాదరీ జాన్ పికార్‌కు అప్పగించారు. భూమి చుట్టుకొలత కోసం రేఖాంశం మీద ఒక డిగ్రీ దూరాన్ని కొలిచిన మనిషి ఆయన. నేల ఎత్తుపల్లాలు చూసే మట్టపు పరికరానికి టెలిస్కోప్ బిగించి, నక్షత్రాన్ని గురిచూసినంత శ్రద్ధతో కొలిచి, రికే చెప్పిన చోట నది వెర్సాయ్ కన్నా పల్లంలో ఉందని తేల్చేశాడు. నీరు పల్లమెరుగును అన్న మాటను కొలతల్లో చూపించాడన్నమాట. ఆ పథకం అక్కడితో ఆగింది. వెర్సాయ్ చెరువుల మట్టాలూ ఆయన చేతి కొలతలే.

చివరికి సేన్ నది నుంచే ఎత్తిపోయాల్సి వచ్చింది. 1684లో పూర్తయిన మర్లీ యంత్రానికి నది మీద పద్నాలుగు పెద్ద చక్రాలు, వాటికి వందల పంపులు. నీటిని అంచెలంచెలుగా 150 మీటర్లకు పైగా ఎత్తేది. దాని కర్రల కిర్రుచప్పుడు చాలా దూరం వినబడేది. అదీ చాలలేదు. తర్వాత ఏడాది యూర్ నది నుంచి కాలువ తవ్వించడానికి వేల మంది సైనికులను దించారు. చిత్తడి జ్వరాలకు వాళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1688లో యుద్ధం రావడంతో పని ఆగిపోయింది. మళ్లీ మొదలుకాలేదు. ఆ కాలువ కోసం ఎత్తిన రాతి కమానులు మెంతెనోన్ ఊళ్లో సగంలో ఆగిపోయి ఇప్పటికీ కనబడతాయి. వెర్సాయ్ నీటి అందం గురించి రాసే ఎవరైనా ఆ కమానుల దగ్గర కాసేపు ఆగాలి.

మర్లీ పనుల్లో వాడిన ఒక పెద్ద చెక్క గోపురం మాత్రం మరో కొలువుకు వెళ్లింది. దాన్ని విప్పి పారిస్ అబ్జర్వేటరీ తోటకు చేర్చారు. ఆ రోజుల్లో టెలిస్కోపులు అంతకంతకూ పొడవు పెరిగి, గొట్టమే లేకుండా కటకాన్ని ఎత్తున కట్టి కింద నుంచి చూసే దాకా వచ్చాయి. కాసినీ తన పొడవాటి కటకాలను ఆ గోపురం మీద నిలిపాడు. ఫౌంటెన్ల నీటికోసం పుట్టిన కర్రలు శని ఉంగరాలను చూడటానికి ఆసరా అయ్యాయి.

అదే 1684లో రాజభవనం ఉత్తరపు రెక్క కట్టడానికి టెథిస్ గుహను కూల్చేశారు. గవ్వల గోడలు పోయాయి. అపోలోనూ జలకన్యలనూ తోటలోకి మార్చారు. ఇప్పుడు వాళ్లు హ్యూబర్ రొబేర్ 1770లలో కట్టిన కృత్రిమ కొండ గుహలో ఉన్నారు. కాసినీ ఆ ఏడాది మార్చిలో చూసిన రెండు చుక్కల్లో ఒకదాని పేరు నేడు టెథిస్. తోటలో ఆ పేరు కూలుతున్న ఏడాదే ఆకాశంలో ఆ పేరు మోయబోయేది దొరికింది. గుహ పేరులోని దేవత ఎవరన్నది ఆనాటి ఫ్రెంచ్ రాతల్లో తేటగా లేదు. సముద్రపు పెద్ద తల్లి టెథిస్, అకిలీజ్ తల్లి థెటిస్, ఇద్దరి పేర్లూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆకాశంలో ఆ చిక్కు లేదు. ఒకరు శని దగ్గర ఉపగ్రహం, మరొకరు అంగారకుడికీ బృహస్పతికీ మధ్య 17వ నంబరు గ్రహశకలం.

లూయీ 1715లో పోయాడు. 1789 జులై 14న పారిస్‌లో బాస్టీల్ కోట పడింది. అక్టోబరు 6న జనం అతని మునిమనవడి మనవడైన రాజును కుటుంబంతో సహా వెర్సాయ్ నుంచి తీసుకెళ్లిపోయారు. ఈ రెండు తేదీల మధ్య, ఆగస్టు 28 రాత్రి, ఇంగ్లండ్‌లోని స్లావ్ ఊళ్లో విలియం హెర్షెల్ తన నలభై అడుగుల టెలిస్కోప్‌ను శని వైపు తిప్పాడు. సంగీతం వాయించి బతికిన జర్మన్ ఆయన, ఎనిమిదేళ్ల కిందటే యురేనస్‌ను కనిపెట్టి ప్రసిద్ధుడయ్యాడు. ఆ రాత్రి ఉంగరాల అంచున కొత్త చుక్క తేలింది. మూడు వారాలకు మరొకటి. ఆ మొదటిదే ఎన్సెలాడస్. అప్పటికి దానికి పేరు లేదు, నంబరే ఉంది. అదీ తికమక నంబరు. కొందరు దొరికిన వరసలో లెక్కపెట్టారు, కొందరు శని నుంచి దూరాన్ని బట్టి లెక్కపెట్టారు. ఒకరి రెండోది మరొకరికి ఆరోది.

1847లో ఆయన కొడుకు జాన్ హెర్షెల్ దీన్ని చక్కదిద్దాడు. దక్షిణాఫ్రికా కొసన నాలుగేళ్లు ఆకాశాన్ని గమనించి రాసిన గ్రంథంలో శని చందమామలు ఏడింటికీ పేర్లు పెట్టాడు. మైమస్, ఎన్సెలాడస్, టెథిస్, డయోనీ, రియా, టైటాన్, అయాపెటస్. ఆయన తర్కం ముచ్చటగా ఉంటుంది. శాటర్న్ తన పిల్లలను మింగేసినవాడు. కాబట్టి చుట్టూ పిల్లలను నిలబెట్టడం కుదరదు. అందుకని తోడబుట్టినవాళ్లనూ, ఆ తరం రాక్షసులనూ నిలబెట్టాడు. లూయీ నక్షత్రాలన్న మాట ఆనాటితో పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. ఒక్క లూయీకే ఇలా జరగలేదు. విలియం హెర్షెల్ యురేనస్‌కు తన రాజు జార్జి పేరు పెట్టాడు, నిలవలేదు. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాత్సీ మొదటి గ్రహశకలాన్ని కనిపెట్టి, ఆ దీవిని కాచే దేవత సీరిస్ పేరుకు తన రాజు ఫెర్డినాండ్ పేరు తగిలించాడు. దేవత పేరు నిలిచింది, రాజు పేరు రాలిపోయింది. ఇతర దేశాల వాళ్లకు ఆ రాజులతో పనేముంది? పాత కథలు మాత్రం యూరప్ బడిపిల్లలందరూ చదువుకున్నవే. నిష్పక్షపాతంగా అందరికీ చెందిన పేర్లవే.

అలా సీరిస్‌తో మొదలై వెర్సాయ్ తోట బొమ్మల పేర్లు ఒక్కొక్కటిగా పైకి చేరాయి. ఎవరూ తోటను చూసి పెట్టలేదు. తోటా ఆకాశమూ ఓవిడ్ వంటి ఒకే కథల బావి నుంచి తోడుకున్నాయి. 1847లో లండన్ నుంచి ఫ్లోరా దొరికింది. లటోనాకు రెండు జన్మలు. గ్రీకు పేరు లీటోతో 1861లో 68వ నంబరు, లాటిన్ పేరుతో 1907లో 639వ నంబరు. ప్రొసెర్పినా 1853లో దొరికింది. ఆమెను ఎత్తుకుపోయిన ప్లూటో 1930 దాకా దొరకలేదు. వాళ్లిద్దరినీ పాలరాతిలో ఒకే మెలికగా చెక్కిన జిరార్దోన్ శిల్పాన్ని తోటలో కమానుల వలయం నడుమ నిలిపారు. ఆకాశంలో వాళ్ల మధ్య వందల కోట్ల కిలోమీటర్లు. 1932లో హైడెల్‌బర్గ్‌లో రైన్‌ముత్ ఒక గ్రహశకలాన్ని చూసి అపోలో అన్నాడు. వెంటనే అది జాడ తప్పిపోయింది, 1973లో గానీ తిరిగి దొరకలేదు. భూమి కక్ష్యను దాటుకుంటూ పోయే ఒక పెద్ద గుంపుకే ఇప్పుడు అపోలో గుంపు అని పేరు. 1977లో దొరికిన బాకస్ కూడా ఆ గుంపువాడే. ప్రతి పేరు వెనకా తోటలో ఒక కొలను గుర్తొస్తుంది.

పేరు దక్కని నక్షత్రాలు మాత్రం లక్షలు. 1887లో పారిస్ అబ్జర్వేటరీ, అంటే కాసినీ కూర్చున్న ఆ మేడే, ఆకాశమంతటినీ ఫోటోలు తీసి పట్టికకు ఎక్కిద్దామని లోకంలోని వేధశాలలను పిలిచింది. అందులో ఒక ముక్క హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. బేగంపేటలో కూర్చున్న మనుషులు గాజు పలకల మీద చుక్క తర్వాత చుక్క కొలిచి లక్షల నక్షత్రాల చోటు రాసిపెట్టారు. వాటికి దేవతల పేర్లు లేవు, అంకెలే.

1997 అక్టోబరు 15న ఒక వ్యోమనౌక శనికి బయల్దేరింది. పేరు కాసినీ. చేరేసరికి 2004 జులై వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఎన్సెలాడస్ పక్కగా వెళ్తుంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరంలో ఏదో తేడా కనిపించింది. శని అయస్కాంత రేఖలు ఆ చిన్న మంచు గడ్డ దగ్గర వంగుతున్నాయి, అక్కడేదో వాయువు అడ్డుపడుతున్నట్టు. శాస్త్రజ్ఞులు దారి మార్చి జులైలో నౌకను 175 కిలోమీటర్ల దగ్గరికి దించారు. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్లు, ఒక్కొక్కటి సుమారు 130 కిలోమీటర్లు. చుట్టుపక్కల మంచు కన్నా అవి వెచ్చగా ఉన్నాయి. నవంబరులో సూర్యుణ్ణి ఎన్సెలాడస్ వెనక ఉంచుకుని ఫోటో తీశారు. నల్లటి ఆకాశం మీద, వెనక వెలుగులో, చందమామ అంచు నుంచి ధారలు విసనకర్రలా విచ్చుకుని లేస్తున్నాయి.

ఆ పగుళ్లకు అరేబియన్ నైట్స్ కథల్లోని ఊళ్ల పేర్లు పెట్టారు. బాగ్దాద్, కైరో, డమాస్కస్, అలెగ్జాండ్రియా. ఆ కథలను తొలిసారి ఫ్రెంచ్‌లోకి తెచ్చి యూరప్‌కు పరిచయం చేసిన గలాన్ పుస్తకం 1704లో, పద్నాలుగో లూయీ బతికుండగానే, అచ్చు కావడం మొదలైంది. ఈ కథలో ఆ రాజు ఇలా అడుగడుగునా తగులుతూనే ఉంటాడు, పేరు లేకుండా.

ఎన్సెలాడస్ లోపల ఏముందో నౌక ఆ ధారల్లోంచి దూసుకెళ్లి రుచి చూసింది. నీటి ఆవిరి, మంచు రేణువులు, ఉప్పు, సన్నని ఇసుకలాంటి సిలికా, కర్బన పదార్థాలు, హైడ్రోజన్. మంచు పెంకు కింద చందమామ అంతటా సముద్రం ఉందని 2015 నాటికి తేలింది. సూర్యుడికి అంత దూరంలో నీరు గడ్డకట్టకుండా ఎలా ఉంది? శని ఆకర్షణ దాన్ని పిండి వదులుతూ ఉంటుంది. పక్కన తిరిగే డయోనీ ఒక చుట్టు తిరిగేలోగా ఎన్సెలాడస్ రెండు చుట్లు తిరుగుతుంది. ఆ లయ వల్ల కక్ష్య ఎప్పటికీ పూర్తిగా గుండ్రంగా కుదురుకోదు. పిండి ముద్దను పిసికితే వెచ్చబడినట్టు లోపల వేడి పుడుతుంది. తొక్కిపెట్టిన బరువే ఊపిరి పోస్తోంది. కథలో ఎట్నా కింద ఉన్నవాడికి జరిగింది కూడా అదే.

వెర్సాయ్‌లో నీళ్లు ఎప్పుడూ కొరతే. నేటికీ అక్కడి ఫౌంటెన్లు ప్రత్యేక దినాల్లో, చెప్పిన వేళల్లోనే ఎగురుతాయి. చాలా మట్టుకు పల్లానికి పారే నీటి బరువుతోనే, ఆనాటి పోత ఇనుప గొట్టాల్లోంచే. మనుషులు పొడవాటి ఇనుప తాళాలు తిప్పి వదులుతారు. శని దగ్గరి ఎన్సెలాడస్ సెకనుకు సుమారు 300 లీటర్లు వదులుతోందని 2022లో వెబ్ టెలిస్కోప్ చూసి లెక్కకట్టారు. ఆవిరి తెర దాదాపు 10,000 కిలోమీటర్ల దాకా విస్తరించింది. చందమామ కన్నా ఇరవై రెట్లు. అందులో కొంత శని చుట్టూ పరుచుకుని ఒక ఉంగరమే అయింది.

ఆ సముద్రంలో ప్రాణి ఉండే వీలుందని అర్థమయ్యాక నౌకను ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఇంధనం అయిపోవస్తోంది. అదుపు తప్పి ఏనాడైనా ఎన్సెలాడస్ మీదో టైటాన్ మీదో పడితే భూమి నుంచి అంటుకుపోయిన సూక్ష్మజీవులు ఆ నీళ్లలో కలవవచ్చు. అందుకని నౌకను శనిలోకే దించి కాల్చెయ్యాలని నిర్ణయించారు. 2017 సెప్టెంబరు 13న, ఇంకా రెండు రోజులుందనగా, నౌక కెమెరాను ఎన్సెలాడస్ వైపు తిప్పారు. సుమారు నలభై నిమిషాల పాటు వరసగా తీసిన ఫోటోల్లో సన్నని తెల్ల నెలవంక ఒకటి శని మసక అంచు వెనక్కి మెల్లగా దిగిపోతుంది. దక్షిణపు కొసన ధారల జాడ సన్నగా కనిపిస్తూనే ఉంది. 15వ తేదీన కాసినీ శని మేఘాల్లోకి వెళ్లింది.